సువాన్‌లో మా వీధి చివరి చిన్న భోజనశాల: మాంసం తినని మేము అక్కడ తినడం ఎలా?

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము కొరియాలోని సువాన్ నగరానికి వచ్చి ఏడు వారాలైంది. ఆయన ఉద్యోగం యొంగ్‌తోంగ్ వైపు. మేము ఉండేది పాత ఇటుక భవనంలో, మూడో అంతస్తులో. మెట్లు దిగి ఎడమవైపు తిరిగితే ఇస్త్రీ దుకాణం, దాని పక్కన కళ్లజోళ్ల దుకాణం, ఆ పక్కనే ఆరు బల్లల చిన్న భోజనశాల. నడిపేది ఒక్కరే, అరవై దాటిన ఆవిడ. పొద్దున నేను చెత్త సంచి పడేయడానికి దిగే సమయానికి గుమ్మం దగ్గర చిన్న పీట వేసుకుని సోయా మొలకల తోకలు తుంచుతూ ఉంటారు. నన్ను చూసి ఏదో అడుగుతారు. నేను నవ్వి తల ఊపి వచ్చేస్తాను. ఆ అడిగే మాటకు అర్థం "అన్నం తిన్నావా?" అని మొన్ననే తెలిసింది. అది తెలిసిన దగ్గర నుంచి ఆవిడ మీద నాకు మరీ ప్రేమ పుట్టింది. రాజమండ్రిలో మా వీధి అరుగుల మీద కూర్చునే పెద్దవాళ్లు అడిగేది కూడా ఇదే కదా.

పోయిన శనివారం మధ్యాహ్నం ధైర్యం చేసి ఇద్దరం వెళ్లాం. నేను శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను. ఆయన కోడి, చేప తింటారు. గొడ్డు మాంసం, పంది మాంసం మా ఇద్దరికీ వద్దు. సువాన్ అంటేనే గొడ్డు పక్కటెముకలు కాల్చి పెట్టే కాల్బికి పేరని ఇక్కడికి వచ్చాక తెలిసింది. అందుకే ఇన్నాళ్లూ బయట తినడానికి జంకాం.

లోపల వంటల చార్టు ఏదీ లేదు, చేతికి కాగితమూ ఇవ్వలేదు. గోడ మీద కొరియా అక్షరాల్లో ఎనిమిది పేర్లు, పక్కన ధరలు, అంతే. ఫోను కెమెరా పెట్టి చూస్తే ఒక దానికి "ఎలుగుబంటి చారు" అని వచ్చింది. ఇద్దరం ముఖాలు చూసుకున్నాం. చివరకు ఆయన "మాంసం వద్దు" అని ఇంగ్లీషులోనూ, చేతులతోనూ చెప్పారు. ఆవిడ సరే అన్నట్టు తల ఊపి ఒక పేరు వేలితో చూపించారు. మేమూ తల ఊపాం. ముందు ఐదు చిన్న గిన్నెల్లో కూరలు వచ్చాయి. తరవాత మూతలున్న స్టీలు గిన్నెల్లో అన్నం, ఆ వెనక తెర్లుతూ నల్లటి గిన్నెలో పులుసు. వాసన బాగుంది. చెంచాతో అడుగు నుంచి కలిపితే వెండి రంగు నెత్తళ్లు రెండు పైకి తేలాయి. పక్కనే నోరు తెరిచిన గుల్లలు.

నాకు గొంతు దిగలేదు. అన్నం, పాలకూర లాంటి ఆకుకూర, మొలకలు తిన్నాను. ఆయన పులుసు సగం తాగారు. పాపం, ఆయనకూ గుల్లలు అలవాటు లేదు. డబ్బు కట్టేసి లేచాం. ఆవిడ బల్ల దగ్గరకు వచ్చి నా ముందున్న నిండు గిన్నెను చూశారు, తరవాత నన్ను చూశారు. ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి నేను ఏడ్చాను. వడ్డించిన తిండి వదిలేసి లేవడం మా పుట్టింట్లో కూడని పని. ఎవరి చేతి వంటనైనా అలా అవమానించకూడదని పెరిగాను.

ఇప్పుడు నాలుగు రోజులుగా ఎడమవైపు తిరగకుండా చుట్టు తిరిగి వెళుతున్నాను. ఇది నాకు నచ్చడం లేదు. మళ్లీ వెళ్లాలి, కడుపునిండా తినాలి, ఆవిడకు తృప్తి కలగాలి. ఎక్కడో దూరాన ఉన్న భారతీయ హోటలు పేరు చెప్పకండి, అది మాకు తెలుసు. ఈ వీధిలో, ఈ ఆవిడ దగ్గర తినడం ఎలాగో చెప్పండి. ఏం అడగాలి, ఎలా అడగాలి, ఏ పద్ధతులు పాటించాలి?

నేరేడుచెట్టు

చెల్లెమ్మా, ముందు కళ్లు తుడుచుకో. నేను ఇక్కడ తొమ్మిదేళ్లుగా ఉన్నాను, ఇద్దరు పిల్లల్ని ఇక్కడే కన్నాను. ఆవిడ చూసిన చూపు కోపం కాదు. "నా వంట బాగాలేదా, ఈ పిల్ల ఆకలితో వెళుతోందే" అన్న బెంగ అది. ఇలాంటి చిన్న భోజనశాలలు నడిపే పెద్దవాళ్ల బుద్ధి నాకు బాగా తెలుసు. నువ్వు చుట్టు తిరిగి వెళ్లడమే ఆవిడకు ఎక్కువ బాధ.

నువ్వు వెళ్లిన చోటు మనవైపు భోజనం హోటలు లాంటిది. ఇక్కడ దాన్ని పెక్‌పాన్ అంటారు, తెల్లన్నం అని అర్థం. అన్నం, ఒక పులుసు, నాలుగైదు పక్క కూరలు. ఆ పక్క కూరలను పాన్‌చాన్ అంటారు. వాటికి విడిగా డబ్బు ఉండదు, అయిపోతే మళ్లీ అడగవచ్చు. అయితే మిగిల్చిన పాన్‌చాన్ మరొకరికి వడ్డించడం ఇక్కడ చట్టం ఒప్పుకోదు, ఆవిడ పారేయాల్సిందే. కాబట్టి తినగలిగిందే ఉంచుకుని, ముట్టని గిన్నెలు మొదట్లోనే వెనక్కి ఇచ్చేయి. అది మర్యాద తప్పడం కాదు, ఆవిడ సంతోషిస్తారు.

ఎలుగుబంటి సంగతి చెప్పనీ. అది కోమ్‌తాంగ్. గొడ్డు మాంసం గంటల తరబడి కాచిన చారు. కొరియా భాషలో కోమ్ అంటే ఎలుగుబంటి కూడా కనుక యంత్రం పొరబడుతుంది. ఎలుగుబంటి లేదు కానీ మీకు మాత్రం అది పనికిరాదు.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. మాంసం అనడానికి కోగి అంటారు. కానీ పెద్దవాళ్ల మనసులో కోగి అంటే ముక్కలుగా కనిపించే గొడ్డు, పంది మాంసం. నెత్తళ్లు వాళ్ల లెక్కలో కోగి కాదు, అవి మనకు చారులో ఇంగువ ఎలాగో అలాగ. పులుసుకు నీళ్లు కాచేటప్పుడే గుప్పెడు ఎండు నెత్తళ్లు, ఒక ముక్క సముద్రపు నాచు వేస్తారు. క్యాబేజీతో పెట్టే ఊరగాయ కిమ్చిలో ఉప్పులో ఊరిన చిట్టి రొయ్యలో, చేపల రసమో ఉంటుంది. మనవాళ్లు ఎండాకాలంలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆవకాయ పెట్టినట్టు, వీళ్లు చలికాలం మొదట్లో ఇరుగుపొరుగు కలిసి కిమ్చి పెడతారు. ఆ పనిని కిమ్‌జాంగ్ అంటారు, 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అంత పెద్ద వేడుకలో కూడా ఆ రొయ్యలు ఉండవలసిందే. అందుకే "మాంసం వద్దు" అన్నప్పుడు ఆవిడ మీ మాట విన్నారు, విని తన లెక్క ప్రకారం మాంసం లేనిదే పెట్టారు. తప్పు ఎవరిదీ కాదు.

కాబట్టి లెక్క మార్చి చెప్పాలి. నేను కనిపెట్టిన దారి ఒకటుంది, తొమ్మిదేళ్లలో ఒక్కసారీ గురి తప్పలేదు. "సునిమ్‌చొరొమ్ మొగొయో" అను. బౌద్ధ సన్యాసుల్లా తింటాను అని అర్థం. ఇక్కడి గుళ్లలో సన్యాసులు మాంసం, చేప తినరు, వెల్లుల్లి, ఉల్లి జాతివి కూడా తినరు. కుర్రవాళ్లకు వీగన్ అంటే తెలుస్తుంది. అరవై దాటిన ఆవిడకు సునిమ్ అనగానే మొత్తం బోధపడుతుంది. మాటతో పాటు ఒక చీటీ కూడా తీసుకెళ్లు. మీ వారి కార్యాలయంలో ఎవరైనా కొరియా స్నేహితుడి చేత కొరియా అక్షరాల్లో రాయించు: గొడ్డు, పంది, కోడి, గుడ్డు, చేప, నెత్తళ్లు, రొయ్యలు, గుల్లలు తినను, పాలు పర్వాలేదు. ఒక్కొక్క పేరూ విడివిడిగా రాయించు. హామ్ అనే పంది మాంసం ముక్కలు, ఒముక్ అనే చేప పిండి ముక్కలు కూడా కలుపు, వాటిని ఎవరూ మాంసంగా లెక్కపెట్టరు.

వెళ్లే వేళ ముఖ్యం. పన్నెండు నుంచి ఒంటిగంట వరకు కార్యాలయాల జనం తోసుకుంటారు. అప్పుడు చీటీ చూపిస్తే ఆవిడకు చదివే తీరిక ఉండదు. చాలా చోట్ల మూడు నుంచి ఐదు వరకు పొయ్యి ఆపేస్తారు. ఒకటిన్నర, రెండు మధ్య వెళ్లు. మొదటిసారి తినడానికి కాకుండా అడగడానికి వెళ్లు. "రేపు మధ్యాహ్నం ఇద్దరం వస్తాం" అని చెబితే ఆవిడ నీళ్లు విడిగా కాచుకునే వీలుంటుంది. కాగుతున్న పెద్ద గిన్నెలోంచి నెత్తళ్లు తీసేయడం ఎవరి వల్లా కాదు కదా.

ఏం అడగాలంటావా? త్వెన్‌జాంగ్ చిగే అని పులిసిన సోయా ముద్దతో చేసే పులుసు. నీళ్లు మారిస్తే అది నీకు చక్కగా పనికొస్తుంది, కొంచెం మన పచ్చిపులుసు వాసన, కొంచెం ఊరిన పప్పు వాసన. కూరగాయలు వేసి కలుపుకునే అన్నం బిబింబాప్ అందరికీ తెలిసిందే, కానీ అందులో ఒక మోసం ఉంది. పైన వేసే మాంసం తీసేయమన్నా, కొన్ని చోట్ల ఎర్రటి గోచుజాంగ్ మిరప ముద్దలోనే గొడ్డు ఖీమా వేయించి కలుపుతారు. దాన్ని యాక్‌గోచుజాంగ్ అంటారు. కాబట్టి ముద్ద విడిగా గిన్నెలో ఇవ్వమని అడిగి, మాంసం ఉందా అని మళ్లీ అడుగు. ఎండలు ముదిరాక కోంగ్‌గుక్సు పెడతారు. నానబెట్టిన సోయా గింజలు ఉడికించి రుబ్బి తీసిన చల్లని పాలలో సేమ్యాకన్నా లావైన నూడుల్స్. ఉప్పు మనమే వేసుకోవాలి. జూన్ వచ్చే దాకా ఆగు, నా మాట గుర్తుచేసుకుంటావు.

మీ వారికి చేపలు అలవాటే కనుక కాల్చిన చేప భోజనం ఉందేమో చూడండి. బంగుడు చేపను ఉప్పు చల్లి కాలుస్తారు. గోదావరి జిల్లా మనిషికి వంక పెట్టడానికి ఏమీ ఉండదు.

గోడ మీద ధరల పక్కన ఇంకో బోర్డు చూశావా? బియ్యం, గొడ్డు, పంది, కిమ్చిలోని క్యాబేజీ, కారం ఏ దేశం నుంచి వచ్చాయో రాసి పెట్టడం ఇక్కడ తప్పనిసరి. ఆ బోర్డు మీద నాలుగు పదాలు నేర్చుకుంటే చాలు, సోగోగి అంటే గొడ్డు, త్వేజీగోగి అంటే పంది, తక్ అంటే కోడి, సల్ అంటే బియ్యం. నా కొరియా చదువు ఆ బోర్డు ముందే మొదలైంది.

ఇక పద్ధతులు. చెంచాలు ఎవరూ తెచ్చివ్వరు, బల్ల పక్కన సొరుగు లాగితే చెంచాలు, పుల్లలు, కాగితపు తువ్వాళ్లు ఉంటాయి. పెద్దవారికి ముందు తీసిపెట్టడం మర్యాద. అన్నం, పులుసు చెంచాతో, పక్క కూరలు పుల్లలతో. గిన్నె చేత్తో ఎత్తకూడదు, బల్ల మీదే ఉండాలి. చెంచాను అన్నంలో నిలువుగా గుచ్చవద్దు, పితృకార్యంలో పెద్దలకు పెట్టేటప్పుడు అలా గుచ్చుతారు. మనకు పిండం ఎలాగో ఇది అలాగ. నీళ్లు తెచ్చుకోవడం చాలా చోట్ల మన పనే. డబ్బు గుమ్మం దగ్గర కట్టాలి, పైన ఏమీ ఇవ్వకూడదు, ఇస్తే వెంటబడి వెనక్కి ఇస్తారు.

ఆ మూత ఉన్న స్టీలు గిన్నె గురించి కూడా రాయాలని ఉంది. మొదట్లో "ఇంత చిన్న గిన్నె అన్నమా" అనుకునేదాన్ని. 1970లలో ఇక్కడ బియ్యానికి కటకటగా ఉండేది. హోటళ్లలో అన్నం వృథా కాకుండా ప్రభుత్వం గిన్నెకే కొలత పెట్టింది. 1976లో సియోల్ నగరం వెడల్పు 10.5 సెంటీమీటర్లు, ఎత్తు 6 సెంటీమీటర్లు అని నిర్ణయించింది. కరువు రోజులు పోయాయి కానీ గిన్నె ఉండిపోయింది. ఆ మూత తీసినప్పుడల్లా రేషన్ దుకాణం వరుసలో నిలబడిన మా నాన్న నాకు గుర్తొస్తారు. చాలకపోతే ఇంకో గిన్నె అడుగు, సిగ్గుపడకు. వెయ్యి వాన్ తీసుకుంటారు, కొన్ని చోట్ల రెండు వేలు.

పాలపిట్ట

నేను ఇక్కడే తెజొన్ నగరంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నేరేడుచెట్టు అక్క చెప్పినవన్నీ నిజమే కానీ ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. మొదటి రోజే ఎనిమిది పేర్ల చీటీ చేతిలో పెడితే కొందరు యజమానులు భయపడి "మా దగ్గర మీకు ఏమీ లేదు" అని పంపేస్తారు. నాకు రెండుసార్లు అలా జరిగింది. ఆకలి మీద వెనక్కి నడిచిన ఆ దూరం ఇంకా గుర్తుంది. అందుకని నేను ముందు ఒక చిన్న వస్తువుతో మొదలుపెడతాను. నాచు రేకులో అన్నం చుట్టి ఇచ్చే కింబాప్ అమ్మే చోటైతే హామ్, ఒముక్, పీత మాంసంలా కనిపించే చేప పిండి పుల్ల, గుడ్డు తీసేసి చుట్టమంటాను. "హేమ్ ప్పే జుసెయో" అంటే హామ్ తీసేయండి అని. కళ్లముందే చుడతారు కనుక అనుమానం ఉండదు. క్యారెట్, పాలకూర, పసుపుపచ్చ ముల్లంగి మిగులుతాయి, నువ్వుల నూనె రాస్తారు. మూడు నాలుగు వేల వాన్‌తో పూట గడుస్తుంది. నాలుగు సార్లు అలా తిన్నాక ముఖపరిచయం కుదురుతుంది, అప్పుడు పెద్ద కోరిక అడిగినా వింటారు.

నెత్తళ్ల నీళ్ల విషయంలో గీత ఎక్కడ గీసుకోవాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. నాతో చదివే ఒక తెలుగు అబ్బాయి ముక్కలు తీసి పక్కన పెట్టి పులుసు తాగుతాడు, నేను తాగను. ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం, ఒకరినొకరం ఏమీ అనుకోం.

ఒంటరిగా వెళ్లేవారు ఇంకోటి తెలుసుకోవాలి. పొయ్యి మధ్యలో పెట్టి వండుకునే వంటకాలు ఇద్దరికి తక్కువైతే ఇవ్వరు. గోడ మీద ఆ పేరు పక్కన రెండు అంకె కనిపిస్తే అదే అర్థం. టాక్సీ డ్రైవర్లు తినే కిసా షిక్‌తాంగ్‌లలో ఒక్కరే కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు, వేడివేడి అన్నం త్వరగా వస్తుంది. మొదటి చలికాలంలో మాట్లాడే మనిషి లేక గదిలో కుములుతున్నప్పుడు, ఆ డ్రైవర్ల మధ్య కూర్చుని తిన్న భోజనాలే నన్ను నిలబెట్టాయి.

పెనుకొండ కోట

నేను కొరియా ఎప్పుడూ వెళ్లలేదు. కానీ మా ఊరికే కొరియా వచ్చింది కాబట్టి రాస్తున్నాను. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ మొదలైనప్పటి నుంచి మావైపు కొరియా వాళ్లు ఉంటున్నారు, వాళ్ల కోసం భోజనశాలలూ వెలిశాయి. అలాంటి ఒక చోట నేను రెండేళ్లు వంటింట్లో కూరగాయలు తరిగాను. అందుకని వంటింటి లోపలి నుంచి ఒక మాట.

తిండి వెనక్కి వస్తే వంటమనిషి మొదట అడిగేది "ఉప్పెక్కువైందా?" అని. మా పెద్ద వంటమనిషి కొరియావాడు, వెనక్కి వచ్చిన ప్రతి గిన్నెలో చెంచా ముంచి రుచి చూసేవాడు. కారణం తెలియకపోతే ఆ పూటంతా మాట్లాడేవాడు కాదు. కారణం తెలిస్తే మరుసటి రోజు సరిచేసి తానే తెచ్చి పెట్టేవాడు. కాబట్టి అమ్మా, ఆవిడకు కారణం చెప్పడం మీ బాధ్యత. "మీ వంట బాగుంది, నేను తినని వస్తువు ఉంది" అన్నది ఆవిడ చెవిన పడాలి.

ఇంకో సంగతి. వాళ్ల కారం పొడిని గోచుగారు అంటారు. గారు అంటే వాళ్ల భాషలో పొడి. రంగు చూసి జడుసుకోవద్దు, మన గుంటూరు మిరప ఘాటు దానికి లేదు, కాస్త తీపిగా కూడా ఉంటుంది. నేను మొదటిరోజు మన కొలతతో మన కారం వేసి కిమ్చి కలిపితే పెద్దాయన కళ్ల వెంట నీళ్లు కారాయి. అయినా తిట్టలేదు, ఆ గిన్నె మొత్తం పెరుగన్నంతో మేమే తిన్నాం. ఆవిడకు మన పచ్చళ్లు ఇవ్వాలని మీకు అనిపిస్తే మొదట కందిపొడి ఇవ్వండి. అన్నంలో నువ్వుల నూనె వాళ్లకు అలవాటే.

గోదారిగట్టు

అందరికీ చేతులెత్తి నమస్కారం. పన్నెండు రోజుల తరవాత రాస్తున్నాను, చెప్పాల్సింది చాలా ఉంది.

చీటీ రాయించాను. పాలపిట్ట చెప్పింది విని మొదట భయపడ్డాను కానీ, వంటింటి తమ్ముడు రాసింది చదివాక చెప్పి తీరాలనిపించింది. కాగితం పైన మొదటి వాక్యంగా "ఆ రోజు మీ వంట వదిలేసి వెళ్లినందుకు క్షమించండి, వంటలో లోపం లేదు" అని రాయించాను. పేర్లన్నీ దాని కింద. మంగళవారం రెండింటికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆవిడ ఖాళీ బల్ల దగ్గర కూర్చుని వెల్లుల్లి వలుస్తున్నారు. రెండు చేతులతో కాగితం ఇచ్చాను.

ఆవిడ చేతులు తువ్వాలుకు తుడుచుకుని, కళ్లజోడు కోసం ఫ్రిజ్ మీద వెతికి, పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క మాటా పైకి చదివారు. మొదటి వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదివారు. నేను "సునిమ్‌చొరొమ్ మొగొయో" అన్నాను. "ఆ! సునిమ్!" అని తొడ మీద చరుచుకున్నారు. లోపలికి వెళ్లి ఎండు నెత్తళ్ల సంచి తెచ్చి నా ముందు పెట్టి, రెండు చేతులు అడ్డంగా పెట్టి "ఇదా?" అన్నట్టు చూశారు. అవునన్నాను. రొయ్యల సీసా తెచ్చారు. అవునన్నాను. గుడ్డు తెచ్చారు. అదీ అవునంటే మాత్రం నమ్మలేక నా ముఖంలోకి చూశారు! చివరకు ఎండిన పుట్టగొడుగులు, నల్లటి నాచు ముక్క తెచ్చారు. రెండూ తింటానన్నాను. గోడ మీద గడియారం చూపించి, పన్నెండున్నర దగ్గర వేలు పెట్టి, అడ్డంగా ఊపి, ఒకటిన్నర దగ్గర పెట్టారు. అంటే నేరేడుచెట్టు అక్క చెప్పిన వేళే.

శనివారం ఇద్దరం వెళ్లాం. సొరుగు లాగి ఆయనకు చెంచా తీసిచ్చాను. గిన్నెలు వచ్చాయి: మొలకలు, వంకాయ, ముల్లంగి, లేత గుమ్మడి. కిమ్చి గిన్నె ఆయన వైపు మాత్రమే పెట్టి నాకు వేలితో "వద్దు" అని చూపించారు. నాకు పుట్టగొడుగుల నీళ్లతో కాచిన త్వెన్‌జాంగ్ పులుసు, పైన టోఫు ముక్కలు, పచ్చిమిరప చీలికలు. ఆయనకు కాల్చిన బంగుడు చేప. చర్మం పటపటమని పగిలి, ఉప్పు పూసలు కనిపిస్తున్నాయి. మా ఆయన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు, నాకు అంతకన్నా ఏం కావాలి.

ఒక పళ్లెంలో ఆకులు పెట్టారు, పాలకూరంత పచ్చగా, అంచులు రంపంలా. ఎలా తినాలో తెలియక చూస్తుంటే ఆవిడ తనే ఒక ఆకు నా అరచేతిలో పరిచి, చెంచాడు అన్నం పెట్టి, దాని మీద గోధుమరంగు ముద్ద కొంచెం, వలిచిన పచ్చి వెల్లుల్లి ముక్క పెట్టబోయి, సునిమ్ మాట గుర్తొచ్చిందేమో, నన్ను అడిగారు. వెల్లుల్లి తింటానని చెప్పాను. ఆకు మడిచి మూట చేసి ఒక్కసారే నోట్లో పెట్టుకోమన్నారు. ఇన్ని వారాల తరవాత నా చేత్తో అన్నం ముట్టుకున్నాను. మూట పెద్దదై మాట రాలేదు, అదే మంచిదైంది, కళ్లలో నీళ్లు తిరిగితే కారం వల్ల అనుకున్నారు.

అన్నం ఈసారి స్టీలు గిన్నెలో కాదు, నాకోసం రాతి గిన్నెలో వండారు. అన్నం పక్క గిన్నెలోకి తీసుకోమని, అడుగున అంటుకున్న మాడు మీద కేటిల్‌తో వేడి నీళ్లు పోసి చెక్కమూత పెట్టారు. తినడం అయ్యేసరికి మాడు చెక్క మెత్తబడి, నీళ్లు లేత గోధుమరంగుకు తిరిగాయి. మా అమ్మమ్మ ఇత్తడి గిన్నె అడుగు గీకి ఉప్పేసి ఇచ్చిన గంజి ఇది. తాగుతుంటే రాతి గిన్నె అంచు దగ్గర ఇంకా చిన్నగా బుడగలు వస్తున్నాయి. ఒక్క మెతుకు మిగల్చలేదు.

ఇద్దరికీ కలిపి 21 వేల వాన్ అయింది. కట్టి "చాల్ మొగొస్సుమ్నిదా" అన్నాను, బాగా తిన్నాను అని. ఆవిడ మా బల్ల దగ్గరకు వెళ్లి మూత తీసి గిన్నె లోపలికి చూశారు. తరవాత వంటింట్లోకి వెళ్లి ఒక చిన్న డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. రొయ్యలు వేయకుండా ఉప్పు, నాచుతో విడిగా కలిపిన కిమ్చి. నాలుగు రోజులు బయట పెట్టి తరవాత ఫ్రిజ్‌లో పెట్టమని వేళ్లతో చెప్పారు.

కందిపొడి కోసం పప్పు వేయించి ఉంచాను. ఇక్కడ రోలు లేదు, మిక్సీ చిన్నది, మెత్తగా రావడం లేదు, ఎవరికైనా ఉపాయం తెలిస్తే చెప్పండి.

ఈ రోజు పొద్దున చెత్త సంచి పట్టుకుని దిగాను. ఎడమవైపే తిరిగాను. ఆవిడ మొలకలు తుంచుతూ తలెత్తి మామూలుగా అడిగారు, అన్నం తిన్నావా అని. ఆయన దగ్గర నేర్చుకున్న మాట చెప్పాను, "అజిగియో," ఇంకా లేదు అని. ఆవిడ పక్కనున్న ఇంకో పీట నా వైపు జరిపారు.